ఉత్తికాళ్ళు: అలవాటా? ఆంక్షా?

ముమ్మిడివరం చుట్టుపక్కల దళితపేటల్లో వయసు మళ్ళినవాళ్ళను "చెప్పులేసుకోరేం?" అని అడిగితే మాకు ఎక్కువగా వినబడే జవాబు ఒకటే. "అలవాటు లేదు బాబూ." కువైట్‌లో ఇంటిపని చేసే కూతురు పంపిన మెత్తటి చెప్పులు అట్టపెట్టెలోనే ఉంటాయి. ఆదివారం మందిరానికి వెళ్ళేటప్పుడు మాత్రం బయటికొస్తాయి. మందిరం గుమ్మం దగ్గర ఎలాగూ విప్పాలి గనుక వాటి ప్రయాణం అక్కడితో సరి. సోమవారం తెల్లారేసరికి చెప్పులు మళ్ళీ పెట్టెలో, కాళ్ళు మళ్ళీ గట్టు మీద.

ఈ జవాబు విని మనం సరేనని వెళ్ళిపోతాం. అలవాటు అన్నాక ఇక అడగటానికేముంది? చుట్ట అలవాటు, కాఫీ అలవాటు లాగే ఇదీ ఒక అలవాటు అనుకుంటాం. కాని ఒక ప్రశ్న మిగిలిపోతుంది. ఒకే ఊళ్ళో, ఒకే నేల మీద, ఒకే ఎండలో బతికిన మనుషుల్లో కొందరికి చెప్పులు అలవాటై, కొందరికి చెప్పులు లేకపోవటమే అలవాటైందంటే ఆ తేడా కాళ్ళలో పుట్టింది కాదు. అది ఊరికీ పేటకీ మధ్య ఉన్న దారిలో పుట్టింది. అలవాటు అనే మాట ఆ దారిని కప్పేస్తుంది. ఈ వ్యాసంలో మేము చేయదలచుకున్నది ఆ కప్పు తీసి చూడటం.

ఉత్తికాళ్ళతో నడవటం అన్నిచోట్లా ఒకటి కాదు. పొలంలో అది పనికోసం వచ్చిన అవసరం. వీధిలో అది కులం పెట్టిన ఆంక్ష. గుడి దగ్గర అది భక్తి. డబ్బూ పేరూ ఉన్నవాళ్ళ విషయంలో అది సొంత ఇష్టం. ఈ నాలుగింటినీ ఒకే గంపలో వేసి 'మన సంస్కృతి' అనేస్తే ఆంక్ష కూడా సంస్కృతి కింద చెల్లిపోతుంది. వీటిని విడదీయటానికి పెద్ద సిద్ధాంతం అక్కర్లేదు, ఒక్క ప్రశ్న చాలు. ఆ మనిషి చెప్పులు వేసుకోవాలనుకుంటే వేసుకోగలడా? వేసుకుని తనకు నచ్చిన వీధిలో నడవగలడా?

బురదలో కాళ్ళు

ముందు పొలం సంగతి చూద్దాం. గౌతమికీ వసిష్ఠకీ మధ్య ఒండ్రు పేరుకుని ఏర్పడిన నేల కోనసీమది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలవలు వచ్చాక సార్వా, దాళ్వా అని రెండు పంటలు పండే నేలయింది. పంటలు రెండయితే బురదలో దిగే కాలమూ రెండు రెట్లయింది. దమ్ము చేసిన మడిలో చెప్పు నిలవదు, అడుగు వేయగానే బురద పట్టుకు లాగేస్తుంది. ఊడ్చేటప్పుడు వెనక్కి వెనక్కి జరిగే ఆడవాళ్ళు కాలివేళ్ళతోనే నేలను పట్టుకుంటారు. వాన పడ్డ గట్టు మీద నెత్తిన మోపుతో జారకుండా నడవాలంటే బొటనవేలు మట్టిలోకి దించి నడవాలి. ఇది పుస్తకంలో లేని విద్య. ఉత్తికాలును చూడగానే 'అయ్యో పాపం' అనే పట్నం జాలికి ఈ విద్య కనబడదు. కాబట్టి మొదటే చెబుతున్నాం, ఈ కాలు చేతగాని కాలు కాదు. కోనసీమ ధాన్యం గాదెలు నింపిన కాలు.

ఐతే ఆ విద్యకు కాలు చెల్లించిన ఖరీదు కూడా చెప్పాలి. రోజంతా నీళ్ళలో నానిన పాదాలకు వేళ్ళసందులు పాచిపోతాయి. నీళ్ళు తగ్గిన నెలల్లో మడమలు నెర్రెలు విచ్చిన చేను లాగా పగులుతాయి. ఆనెలు కాస్తాయి. కంటికి కనబడని నష్టం ఇంకా పెద్దది. మలం కలిసిన తడి మట్టిలో కొంకిపురుగుల పిల్లలు ఉంటాయి. అవి ఉత్తికాలి చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. రక్తంలో పడి ఊపిరితిత్తుల దాకా వెళ్ళి, అక్కణ్ణించి గొంతులోకి వచ్చి, పేగుల్లో దిగి, అక్కడ గోడలను కొరికి పట్టుకుని రక్తం తాగుతాయి. మనిషి పాలిపోతాడు, ఆయాసపడతాడు, పనిలో వెనకబడతాడు. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో పేదవాళ్ళను పుట్టు సోమరులని ఎంతోకాలం ఎగతాళి చేశారు. 1909లో రాక్‌ఫెల్లర్ సంస్థ అక్కడ కొంకిపురుగుల మీద పని మొదలుపెట్టాక తేలిందేమిటంటే, వాళ్ళలో చాలామందిది సోమరితనం కాదు, రక్తం లేకపోవటం. ఆ సంస్థే తర్వాత 1920లలో మద్రాసు ప్రెసిడెన్సీలో కూడా ఈ పని చేసింది. 'పేటోళ్ళకి ఒళ్ళు వంగదు' అనే మాట మనమూ విన్నదే. ఆ మాట అన్నవాళ్ళెవరూ ఆ కూలీ కాళ్ళకేసి ఎప్పుడూ చూడలేదు.

ఇక పాము. చీకట్లో నీళ్ళు కట్టటానికి వెళ్ళినవాడికి, గడ్డి కోసే ఆడమనిషికి కాటు పడేది ఎక్కువగా కాలి మీదే. 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో చనిపోయినవాళ్ళు సుమారు 12 లక్షల మంది అని 2020లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనం అంచనా కట్టింది. అంటే ఏడాదికి సగటున 58 వేలు. ఎక్కువమంది పల్లెటూళ్ళవాళ్ళు. కాలికి ఏమీ లేకుండా పొలానికి పోవటం ఎంత ఖరీదైన 'అలవాటో' ఈ లెక్క చెబుతుంది.

అయినా మడిలో చెప్పు పనికిరాదన్నది నిజం. ఆసామి మడిలో దిగితే ఆయనా చెప్పులు విప్పాల్సిందే. తేడా ఏమిటంటే ఆసామి చెప్పులు గట్టు మీద ఆయన కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. కూలీకి గట్టు ఎక్కాక కూడా చెప్పుల్లేవు. పని అవసరం గట్టు దగ్గర ఆగిపోయింది. మరి ఉత్తికాళ్ళు గట్టు దాటి, పుంత దాటి, ఊళ్ళోకి ఎందుకొచ్చాయి?

వీధి మొగలో

ఇందుకు ఒక జవాబు డబ్బు. పాలేరు జీతం ఏడాదికి ఇన్ని బస్తాల ధాన్యం అని కుదిరేది. చేతిలో రొక్కం ఆడేది కాదు. తిండిగింజల్లోంచి చెప్పులకు మిగిల్చే ఇల్లు తక్కువ. కాని డబ్బొక్కటే కారణమైతే, ఎలాగో చెప్పులు సంపాదించుకున్నవాడు వాటిని వేసుకుని తిరగాలి గదా. అక్కడే రెండో కారణం ఎదురొస్తుంది. చెప్పులున్నవాడు కూడా పెద్దిళ్ళ వీధి మొగలో ఆగి, వాటిని విప్పి, చేత్తో పట్టుకుని, వీధి దాటాక మళ్ళీ తొడుక్కునేవాడు. భుజం మీద కండువా నడుముకి దిగేది. గొడుగు ముడుచుకునేది. సైకిలు ఉంటే దిగి నడిపించుకుపోవాలి. ఈ నాలుగూ ఒకే ఆజ్ఞకు నాలుగు ముఖాలు. నీ శరీరం నా కంటికి చిన్నదిగా కనబడాలి అన్నదే ఆ ఆజ్ఞ.

ఇది ఒక్క గోదావరి జిల్లాల సంగతి కాదు. తెలంగాణలో దొర గడీ ముందు చెప్పులేసుకుని నడవటానికి లేదు. 'బాంచన్ కాల్మొక్తా' అనే మాట పుట్టిన చోట కాలికి చెప్పు ఎలా ఉంటుంది? పీష్వాల పాలనలో పూనాలో అంటరానివాడు తన అడుగుల జాడను తానే తుడుచుకుంటూ పోవటానికి నడుముకి చీపురు కట్టుకోవాల్సి వచ్చిందని అంబేద్కర్ 1936లో 'కులనిర్మూలన'లో రాశారు. అంటే చెప్పు లేకపోవటం కూడా చాలలేదు. ఉత్తికాలి ముద్ర కూడా నేల మీద మిగలకూడదు. మనుషుల్ని బానిసలుగా కొన్నచోటా ఇదే చూస్తాం. బ్రెజిల్‌లో 1888లో బానిసత్వం రద్దయ్యేదాకా ఉత్తికాళ్ళు బానిసకు గుర్తు. విడుదలైనవాళ్ళు ముందుగా కొనుక్కోవాలనుకున్న వస్తువుల్లో బూట్లు ఒకటి.

ఇదంతా పాతకాలం అనుకునేవాళ్ళకు రెండు సంగతులు గుర్తుచేస్తాం. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో సినిమాహాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటులో ఉన్న అగ్రకులస్థుడికి తగిలింది. కాలు తగలటం దగ్గర మొదలైన ఆ గొడవ వెలి దాకా పోయి, ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల హత్యలతో ముగిసింది. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షలను 2014లో హైకోర్టు కొట్టేసింది. రెండోది, 2023 డిసెంబరులో తమిళనాడులో తిరుప్పూరు జిల్లా రాజావూరులో సుమారు 60 మంది దళితులు ఒక వీధిలో చెప్పులేసుకుని నడిచారు. వాళ్ళు చేసింది అంతే, నడవటం. అది వార్త అయిందంటే అంతకుముందు ఆ వీధిలో వాళ్ళు అలా నడవలేదు కాబట్టే.

చట్టం ఈ సంగతిని ఎంత ఆలస్యంగా గుర్తించిందో కూడా చూడాలి. అంటరానితనం నేరాల గురించి 1955లో వచ్చిన చట్టంలో నగలు, మంచి బట్టలు వేసుకోకుండా అడ్డుకోవటం నేరమని ఉంది. చెప్పుల మాట విడిగా లేదు. 1989 అత్యాచారాల నిరోధక చట్టంలోనూ లేదు. 2015లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు, సెక్షను 3(1)లో, సైకిలు, మోటారు సైకిలు ఎక్కటాన్ని, బహిరంగ స్థలాల్లో చెప్పులు, కొత్తబట్టలు వేసుకోవటాన్ని, పెళ్ళి ఊరేగింపును అడ్డుకోవటం నేరమని స్పష్టంగా రాశారు. చెప్పులదండ వేసి అవమానించటం కూడా ఆ సవరణలోనే చేరింది. 2016 జనవరి 26 నుంచి అది అమల్లోకి వచ్చింది. రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసిన 66 ఏళ్ళకు 'చెప్పులు' అనే మాట శిక్షాచట్టంలో చేరిందన్నమాట. చట్టాన్ని పేటకు చేర్చిన మనుషుల్లో ఒకరు మా పక్కనే కందికుప్పలో పుట్టిన బొజ్జా తారకం (1939-2016). 1985లో కారంచేడు తర్వాత ఆయన ప్రభుత్వ న్యాయవాది పదవి వదిలేసుకున్నారు. సెక్షన్ల పేర్లు కూలివాడి నోట పలకాలన్నది ఆయన పట్టుదల. చెప్పుల సెక్షను కూడా మన పేటల్లో అలాగే నోటికి రావాలి.

మరి ఆంక్ష అలవాటుగా ఎట్లా మారింది? ఆజ్ఞ రోజూ ఇవ్వనక్కర్లేదు. ఒకతరం దెబ్బలు తిని నేర్చుకుంటుంది. రెండోతరాన్ని తల్లే వీధి మొగలో "తియ్యి, తియ్యి" అని చెయ్యి లాగి నేర్పుతుంది. అది పిల్లవాణ్ణి కాపాడుకోవటానికే. మూడోతరానికి ఆజ్ఞ గుర్తుండదు, కాలికి మాత్రం గుర్తుంటుంది. ఆసామి పట్నం వెళ్ళిపోయి పెద్దిల్లు తాళం వేసి ఉన్నా, ఆ అరుగు ముందుకొచ్చేసరికి ముసలాయన అడుగు తడబడుతుంది. అడిగితే అలవాటంటాడు. నిజమే చెబుతున్నాడు. ఆ అలవాటుకు పునాది భయమన్నది మనం చెప్పాలి.

కుట్టిన చెయ్యి

చెప్పు గురించి మాట్లాడుతూ దాన్ని చేసిన చెయ్యి గురించి మాట్లాడకపోతే అది సగం మాటే. చచ్చిన పశువును ఎత్తి, తోలు ఒలిచి, సున్నంలో నానబెట్టి, వెంట్రుక తీసి, తంగేడు చెక్క ఊరిన నీళ్ళలో రోజుల తరబడి ఊరేసి, కుళ్ళే చర్మాన్ని ఏళ్ళపాటు మన్నే తోలుగా మార్చటం రసాయన విద్య. ఆరె, రంపె, గూటం పట్టుకుని కాలి కొలత కంటితోనే తీసి కుట్టటం ఇంకో విద్య. ఈ విద్యలు మాదిగలవి. చెప్పులే కాదు, ఎద్దుల పగ్గాలు, వార్లు, చర్నాకోల అన్నీ ఆ చేతిలోంచే వచ్చాయి. ఏడాదికొకసారి కళ్ళంలో కొలిచే మేర తప్ప ఆ పనికి ధర లేదు. ఊరందరి కాళ్ళకూ చెప్పులు తొడిగినవాడు తన చెప్పులు చేత్తో పట్టుకుని ఊరు దాటాడు. తను చేసిన వస్తువును తను వాడటానికి వీల్లేకుండా చేయటం కన్నా పెద్ద దోపిడీ ఉందా?

తిరుపతి కొండ కింద అలిపిరిలో పాదాల మండపం దగ్గర భక్తులు స్వామి పాదుకలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేస్తారు. భరతుడు పాదుకలకు పట్టం కట్టిన కథ మనకు బడిలోనే చెప్పారు. దేవుడి చెప్పు నెత్తి మీదికి ఎక్కింది. చేసిన మనిషి గడప దాటలేదు. భాషలోనూ ఇంతే. కోపం వస్తే 'చెప్పు తీసుకు కొడతా' అంటాం. లోకువ చేయాలంటే 'నా చెప్పు కింద పడి ఉండు' అంటాం. ఊరి పొలం పనిలో చెప్పుకు గౌరవం, ఊరి నోట్లో చెప్పుకు తిట్టు. దీన్ని మొదట తలకిందులు చేసింది 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన మాదిగ దండోరా. చెప్పునూ డప్పునూ సిగ్గుపడే వస్తువుల జాబితాలోంచి తీసి గుర్తుగా ఎత్తిపట్టింది.

ఇక్కడ మాకు మేము వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. కోనసీమలో దళితుల్లో ఎక్కువమంది మాలలు, పొలం కూలీలు. ఊరు మమ్మల్ని వీధి మొగలో ఆపినప్పుడు మేము తప్పన్నాం. కాని చెప్పు కుట్టేవాడి గూడెం కేసి మేమెట్లా చూశాం? తోలు వాసన అని ముక్కు మూసుకున్న మాట మా పేటల్లో వినబడలేదా? చెప్పు మీద హక్కు అడిగేవాళ్ళం చెప్పు చేసిన చేతిని గౌరవించకపోతే మా హక్కు సగంలోనే ఆగిపోతుంది. ఈ మాట బయటివాళ్ళు అనకముందే మేమే అనుకోవాలి.

తర్వాత హవాయి చెప్పులొచ్చాయి. నాలుగు డబ్బులకు దొరికే రబ్బరు చెప్పు పేటలో చాలా కాళ్ళను మొదటిసారి నేల నుంచి విడదీసింది. అదే రబ్బరు చెప్పు గూడెంలో ఆరెను మూలన పడేసింది. ఒక దళితుడికి దొరికిన స్వేచ్ఛ ఇంకో దళితుడి పొట్ట కొట్టింది. తోలుపని పరిశ్రమగా పెరిగినప్పుడు దానికి యజమాని అయ్యే అవకాశం ఆ విద్య తెలిసిన కులానికి ఎందుకు రాలేదన్నది ఇంకా ఎవరూ సరిగా జవాబు చెప్పని ప్రశ్న.

దొరల ముందు బూట్లు

ఇంకో విచిత్రం ఉంది. కంపెనీ కాలంలో తెల్లదొరల దర్బారుకీ కోర్టుకీ వెళ్ళిన భారతీయులు చెప్పులు విప్పి లోపలికి రావాలన్నది నియమం. చదువుకున్నవాళ్ళకు, డబ్బున్నవాళ్ళకు అది అవమానంగా తోచింది. 1854లో గవర్నరు జనరలు యూరోపియన్ రకం బూట్లు వేసుకున్న దేశీయులు వాటితోనే దర్బారుకు రావచ్చని ఉత్తరువు ఇచ్చాడు. దేశీ చెప్పులకు మాత్రం ఆ గౌరవం లేదు. 1862లో సూరత్ కోర్టులో మానెక్‌జీ కావస్‌జీ ఎంటీ అనే పార్సీ అసెస్సరు బూట్లు విప్పనన్నందుకు పెద్ద వివాదం నడిచింది.

మనకు ఇందులో పాఠమేమిటంటే, ఉత్తికాళ్ళతో నిలబెట్టటం అవమానమని ఈ దేశపు పెద్దకులాలకు బాగా తెలుసు. తెల్లవాడు తమను నిలబెట్టినప్పుడు అర్జీలు పెట్టారు, పత్రికల్లో రాశారు. తమ వీధిలో పేటవాడు ఉత్తికాళ్ళతో నిలబడ్డప్పుడు మాత్రం అది ఆచారమన్నారు. ఒకే పనికి పైనుంచి వస్తే అవమానం, కిందికి పోతే ఆచారం అని రెండు పేర్లు పెట్టటమే కులం చేసే మోసం.

పుణ్యం వచ్చే ఉత్తికాళ్ళు

అయ్యప్ప మాల వేసుకున్నవాళ్ళు నలభై ఒక్క రోజులు చెప్పుల్లేకుండా తిరుగుతారు. భవానీ దీక్ష కూడా అంతే. వాళ్ళను చూసి జనం పక్కకు తప్పుకుని 'స్వామీ' అంటారు. ఎం.ఎఫ్. హుస్సేన్ అనే చిత్రకారుడు దశాబ్దాలపాటు ఉత్తికాళ్ళతో తిరిగాడు. 1988లో బొంబాయి విల్లింగ్‌డన్ క్లబ్బువాళ్ళు అందుకే ఆయన్ను లోపలికి రానివ్వకపోతే దేశమంతా చర్చ జరిగింది. గాంధీ 1947లో నౌఖాలీలో చెప్పుల్లేకుండా నడిచాడు. అంతకుముందు దక్షిణాఫ్రికాలో చెప్పులు కుట్టటం నేర్చుకుని, 1914లో జనరల్ స్మట్స్‌కు ఒక జత కానుకిచ్చాడు. ఇవి చిన్న సంగతులని మేము అనటం లేదు. కాని ఈ ఉత్తికాళ్ళన్నిటికీ ఇంట్లో చెప్పులున్నాయి. దీక్షకు ఆఖరి రోజు ఉంటుంది. పుట్టుకతో వచ్చిన దీక్షకు ఆఖరి రోజేదీ? గాంధీ కుట్టిన చెప్పు చరిత్రకెక్కింది. వేల ఏళ్ళుగా కుట్టిన చేతికి ఆ చరిత్రలో పేరు లేదు.

ఈ విషయంలో ముమ్మిడివరానిది ప్రత్యేకమైన స్థానం. ఈ ఊరి పేరు దేశమంతా తెలిసింది బాలయోగి వల్ల. పేద దళిత కుటుంబంలో పుట్టిన ఆయన చిన్నవయసులోనే తపస్సులో కూర్చున్నాడు. ఏడాదికొకసారి మహాశివరాత్రినాడు ఇచ్చే దర్శనానికి లక్షలాది జనం వచ్చేవారు. ఆ జనంలో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు. తమ వీధిలో పేటవాడి చెప్పులు విప్పించినవాళ్ళు పేటబిడ్డ ముందు తమ చెప్పులు విప్పారు. 1985లో ఆయన మరణించాడు. అదే ఏడాది జూలైలో కారంచేడు జరిగింది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి అర్థమవుతుంది. దళితుడు కదలకుండా, మాట్లాడకుండా, ఏదీ అడగకుండా కూర్చుంటే అగ్రకులం మొక్కగలదు. లేచి చెరువు నీళ్ళ సంగతి అడిగితే చంపుతుంది. ఆ దర్శనాల ఏళ్ళలో పెద్దిళ్ళ వీధుల్లో పేటవాడి చెప్పుల సంగతి మారలేదు. ఒక్కరికి మొక్కినంత మాత్రాన ఆ ఒక్కరు పుట్టిన పేటకు గౌరవం దక్కదు.

మా పేటల్లో చాలామంది మందిరానికి వెళ్ళేవాళ్ళే గనుక అక్కడి సంగతి కూడా చెప్పాలి. గుమ్మం బయట అందరి చెప్పులూ కలిసి పడుంటాయి. ఎవరివి ఎవరివో చివర్లో వెతుక్కోవాలి. అందరూ విప్పినచోట విప్పటంలో అవమానం లేదు. ఇంకోటి, తప్పిపోయిన కుమారుడి కథ ఎన్ని ఆదివారాలు విన్నామో. చితికిపోయి తిరిగొచ్చిన కొడుక్కి తండ్రి చేయించిన పనుల్లో కాళ్ళకు చెప్పులు తొడిగించటం ఒకటి. పనివాడికి చెప్పుల్లేవు, కొడుక్కి ఉన్నాయి. 'నన్ను పనివాడిగా పెట్టుకో' అని అడగబోయినవాడికి తండ్రి చెప్పులతో జవాబిచ్చాడు. ఈ కథను పేటలో చెప్పేవాళ్ళు పశ్చాత్తాపం గురించి చాలా చెబుతారు. చెప్పుల దగ్గర కూడా కాస్త ఆగితే బాగుండును.

బూట్లు వేసుకున్న బాబాసాహెబ్

కోనసీమలో ఏ పేటకెళ్ళినా అంబేద్కర్ విగ్రహం ఉంటుంది. నీలంకోటు, చేతిలో పుస్తకం, చాచిన వేలు. వీటి గురించి చాలామంది రాశారు. మేము కాళ్ళకేసి చూడమంటున్నాం. కాళ్ళకు బూట్లున్నాయి, వాటికి నల్లరంగు వేసి ఉంటుంది. ఆయన కోటూ బూటూ చూసి దొరవేషమని ఎగతాళి చేసినవాళ్ళకు ఒక సంగతి తెలియలేదు. చెప్పులున్నవాడు విప్పితే త్యాగం. లేనివాడు తొడిగితే తిరుగుబాటు. గాంధీ విప్పటమూ అంబేద్కర్ తొడగటమూ రెండు వేరువేరు చోట్ల నుంచి మొదలైన నడకలు.

మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న 'పాలేరు' నాటకంలో చదువు పాలేరు కుర్రాణ్ణి అధికారిని చేస్తుంది. ఆ నాటకం చూసి పిల్లల్ని బడికి పంపిన ఇళ్ళున్నాయి. మాలాంటి మొదటితరం చదువరులు ఆ దారిలో వచ్చినవాళ్ళమే. స్కాలర్‌షిప్పు డబ్బు చేతికి రాగానే మాలో చాలామంది మొదట కొన్నది పుస్తకం కాదు, బూట్లు. ఇది చెప్పుకోవటానికి మాకిప్పుడు సిగ్గులేదు. సిగ్గుపడాల్సింది వేరే ఉంది. హాస్టలుకి చూడటానికొచ్చిన అమ్మ ఉత్తికాళ్ళతో గేటు దగ్గర నిలబడితే, ఎవరైనా చూస్తారేమోనని గబగబా పక్కకు తీసుకుపోయాం. ఆంక్ష పెట్టినవాడు పడాల్సిన సిగ్గును మేము పడ్డాం, మా అమ్మ మీద పడ్డాం. కులం చేసే పనుల్లో అన్నిటికన్నా లోతైనది ఇదేననిపిస్తుంది.

2020 అక్టోబరులో మొదలైన విద్యాకానుకలో ప్రభుత్వ బడి పిల్లలకు పుస్తకాలతో పాటు బూట్లు, మేజోళ్ళు కూడా ఇచ్చారు. సైజు కుదరలేదని, తొందరగా తెగిపోయాయని వచ్చిన ఫిర్యాదులు ఎన్నైనా ఉండనీ. పేటపిల్లా ఊరిపిల్లా ఒకేరకం బూట్లతో ఒకే వరుసలో నిలబడటం చిన్న సంగతి కాదు. ఆ పిల్లల కాళ్ళకు 'అలవాటు' ఇంకోరకంగా మొదలవుతుంది. ఐతే బూట్లు వచ్చినంత మాత్రాన దారి తెరుచుకోదని కోనసీమకు బాగా తెలుసు. 2022లో కొత్త జిల్లాకు అంబేద్కర్ పేరు పెడతామనగానే మే 24న అమలాపురంలో ఇళ్ళు తగలబడ్డాయి. ముమ్మిడివరం శాసనసభ్యుడి ఇల్లూ అందులో ఉంది. చివరికి పేరు నిలిచింది. విగ్రహం బూట్లతో పేటలో నిలబడితే ఊరుకున్నవాళ్ళు, ఆ పేరు ఊరిదారి బోర్డు మీదికి వస్తే ఓర్చుకోలేకపోయారు. వీధి మొగలో చెప్పులు విప్పించిన గీతే అది. చోటు మాత్రం మారింది.

ఏం చేయాలి?

ముసలివాళ్ళను చెప్పులేసుకోమని బలవంతపెట్టమని మేము అనటం లేదు. బలవంతంగా తొడిగించటం కూడా ఇంకో ఆజ్ఞే అవుతుంది. మట్టి మీద ఉత్తికాలు పెట్టటంలో ఒక సుఖం కూడా ఉంది, దాన్ని ఎవరికి నచ్చితే వాళ్ళు ఉంచుకోవచ్చు. మేము చెప్పేది మూడు పనులు.

ఒకటి, పేటల్లో పనిచేసే కార్యకర్తలు, టీచర్లు, విద్యార్థులు ఈ 'అలవాటు' వెనకున్న కథలను ముసలివాళ్ళు ఉండగానే అడిగి రాసుకోవాలి. ఏ వీధి మొగలో విప్పేవాళ్ళు, ఎవరు మొదట విప్పనన్నారు, ఆ రోజేం జరిగింది? ఇది ఏ ప్రభుత్వ రికార్డులోనూ దొరకదు. రెండు, పొలం కాలికి రక్షణ కూలీ హక్కుగా అడగాలి. మడిలో కుదరకపోయినా గట్టు మీద, గడ్డికోతలో, రాత్రి నీళ్ళు కట్టేటప్పుడు కాలికి గట్టి బూటు ఉండాలి. దాని ఖర్చు పని చేయించుకునేవాడిది. మూడు, చెప్పు కుట్టిన గూడెంతో మాట్లాడాలి. వీధిలో నడిచే హక్కు, ఆరె పట్టిన చేతికి దక్కాల్సిన గౌరవం విడివిడిగా గెలిచేవి కావు.

ఏప్రిల్ 14న దండ వేయటానికి విగ్రహం దిమ్మె ఎక్కేముందు మా పెద్దవాళ్ళు వంగి చెప్పులు విప్పుతారు. ఆయన దేవుడు కాడని, చెప్పులతోనే ఎక్కవచ్చని కుర్రాళ్ళు వాదిస్తారు. ఈ వాదన మంచిదే, జరగనివ్వాలి. మేము ఇందులో గమనించింది ఒక్కటే. భయంతో విప్పటం తెలిసిన కాళ్ళు అక్కడ ఇష్టంతో విప్పుతున్నాయి. దిగి వచ్చాక ఆ పెద్దాయన చెప్పులు చేత్తో పట్టుకోకుండా కాళ్ళకే తొడుక్కుని, పెద్దిళ్ళ వీధిలోంచే నడిచి ఇంటికెళ్ళాలి. ఆయన పక్కన మనం నడవాలి.